అద్దం పక్కన నాలుగో సీటు

పోయిన నెల ఒక శనివారం ఉదయం సెంగ్‌కాంగ్ ఎల్ఆర్‌టీ రైల్లో నా ఎదుటి సీట్లో పదమూడేళ్ల అమ్మాయి ఒకతె, తన భుజం ఎత్తున్న సంచిని కాళ్ల మధ్య నిలబెట్టుకుని కూర్చుంది. తలుపులు మూసుకోగానే ఆ సంచిలోంచి వాసన వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే ముఖం పక్కకు తిప్పుకున్నారు. నేను తిప్పుకోలేదు. ఆ వాసనలో ఏమేం ఉంటాయో నాకు వరసగా తెలుసు: తడిసి సరిగ్గా ఆరని తోలు చేతితొడుగులు, వాటిలో ఇంకిపోయిన పాత చెమట, కర్రకు చుట్టే గుడ్డ టేపు మీది జిగురు, స్కేట్ల బ్లేళ్లు తుడిచిన నూనెగుడ్డ, వీటన్నిటి అడుగునా ఐసు కరిగిన నీళ్లలో నానిన రబ్బరు చాపల వాసన. ఐసు హాకీ ఆడుతావా అని అడిగితే తలూపింది. పెద్ద టోర్నమెంటు వస్తోందని, ఈసారి పరాయి దేశంలో కాదు, ఇక్కడే అని చెప్పింది. "హోమ్ గ్రౌండ్, అంకుల్. ఫైనల్లీ." నన్ను అంకుల్ అనడం సంగతి అలా ఉంచితే, ఆ అమ్మాయి ఇదే మొదటిసారి అనుకుంటోంది. కాదు. ఇంతకుముందు ఒకసారి జరిగింది. అప్పుడు నాకు పన్నెండేళ్లు.

అప్పుడు మేము ఇదే ఊళ్లో బుకిట్ బటోక్‌లో ఉండేవాళ్లం. పొడుగాటి కామన్ కారిడార్, దాని వెంట వరసగా ఇళ్లు, ప్రతి ఇంటికి ఒక చెక్క తలుపు, దాని ముందు ఒక ఇనప గేటు, గేటు పక్కన చెప్పులు, కరివేపాకు కుండీలు, ఒకరింటి ముందు ఎర్ర కాగితపు లాంతరు. సాయంత్రాలు ఆ కారిడార్‌లో నడిస్తే ఏ ఇంట్లో ఏం వండుతున్నారో కళ్లు మూసుకుని చెప్పగలిగేవాణ్ణి: మొదటి ఇంట్లో ఎండు రొయ్యల సంబల్, తర్వాత అల్లం వేసి ఉడికించిన చేప, తర్వాత మా అమ్మ గోంగూర, మాకు రెండు తలుపులవతల ఫరీదా ఆంటీ ఖట్టీ దాల్ తాలింపు. నవంబరు, డిసెంబరు నెలల్లో వాన గాలి ఏటవాలుగా కొట్టి కారిడార్ సగం తడిసేది. అప్పుడు ఆరేసిన బట్టల గెడలు అందరివీ ఒకేసారి లోపలికి వెళ్లేవి. రంజాన్‌లో ఆంటీ మాకు హలీం పంపేది. ఉగాదికి అమ్మ టెక్కా మార్కెట్‌లో వేపపువ్వు వెతికి తెచ్చి, పచ్చడి చేసి, మొదటి గిన్నె వాళ్లింటికే పంపేది.

ఫరీదా ఆంటీ భర్త గౌస్ అంకుల్. హైదరాబాద్ మనిషి, ఓడల కంపెనీలో డ్రాయింగులు గీసే ఉద్యోగం చేసి, కిడ్నీలు పాడవడంతో మానేశాడు. సన్నగా, పొడుగ్గా, ఎండాకాలమైనా వానాకాలమైనా బూడిదరంగు స్వెటరుతో ఉండేవాడు. కుడిచేతి ఉంగరపు వేలికి ఫిరోజా రాయి పొదిగిన వెండి ఉంగరం. ఆయన కాలింగ్ బెల్ ఎప్పుడూ నొక్కలేదు. తన ఇంటి ముందు నిలబడి ఆ ఉంగరంతో ఇనప గేటును రెండుసార్లు తట్టేవాడు, టక్ టక్ అని. ఆంటీ ఎక్కడున్నా వచ్చి గేటు తీసేది. ఆ చప్పుడు మా వంటింట్లోకి కూడా వినిపించేది. అది వినగానే అమ్మ, "గౌస్‌భాయ్ వచ్చేశాడు, ఇక రైసు కుక్కర్ నొక్కొచ్చు" అనేది.

వాళ్లమ్మాయి సమీనక్క. నాకంటే ఆరేళ్లు పెద్ద. ఎవరిదో పుట్టినరోజుకని ఒక మాల్ పైఅంతస్తులో ఉన్న ఐసు రింకుకు వెళ్లి, అక్కడ గోలు ముందు ముసుగు వేసుకుని నిలబడ్డ మనిషిని చూసి, నేనూ అలా నిలబడతానని ఇంటికొచ్చి చెప్పింది. భూమధ్యరేఖకు ఇంత దగ్గరగా ఉన్న ఊళ్లో ఐసు హాకీ ఆడేవాళ్లు చాలా కొద్దిమంది. అందులో ఆడపిల్లలు ఇంకా కొద్దిమంది. అందులో తన మీదికి దూసుకొచ్చే నల్లటి రబ్బరు బిళ్లకు కావాలని అడ్డం నిలబడేవాళ్లు మరీ కొద్దిమంది. అలా సమీనక్క మూడేళ్లలో దేశం జట్టుకు గోలీ, అంటే గోల్‌కీపర్ అయింది. ఆంటీ మాత్రం రింకు గడప తొక్కలేదు.

"నా పిల్ల మీదికి రాళ్లు ఇసురుతుంటే నేను కూసోని సూడాల్నా? నక్కో," అనేది.

"అమ్మీ, ప్యాడ్స్ ఉన్నాయి వాట్. నొప్పి ఉండదు లా," అనేది సమీనక్క ఇక్కడి పిల్లల యాసలో.

"నీకుండదు. నాకుంటది."

కాబట్టి చూడడం అంకుల్ పని. ఆయన ఒక్కడే వెళ్లడం ఎందుకని మా అమ్మ, అమ్మ వెంట నేను, సెలవు దొరికితే నాన్న. శనివారాలు తెల్లారుతూనే జట్టుకు రింకు ఇచ్చేవాళ్లు, అప్పుడు అద్దె తక్కువ. బయట అప్పటికే చొక్కా వీపుకు అంటుకునేంత ఉక్క. లోపలికి అడుగుపెట్టగానే ముక్కు కొస నుంచి చలి మొదలయ్యేది. నేను ఒకదాని మీద ఒకటి రెండు జతల సాక్సులు, స్కూలు జాకెట్టు, దాని మీద నాన్న పాత రెయిన్‌కోటు వేసుకునేవాణ్ణి. అమ్మ చీర మీద శాలువా, శాలువా మీద తువ్వాలు. గోలు వెనకాల అద్దపు గోడకు ఆనుకుని ఉన్న వరసలో నాలుగు సీట్లు మావి. అంకుల్‌ది చివరిది, అద్దానికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది. మ్యాచ్‌లో మూడు భాగాలుంటాయి. మొదటి, మూడో భాగాల్లో సమీనక్క ఈ గోలులో ఉంటుంది కాబట్టి ఆయన ఈ వైపును ఎంచుకున్నాడు.

ఆయన అరిచేవాడు కాదు, ఊపిరి చాలేది కాదు. కూతురు ఒక గోలు ఆపినప్పుడు ముందుకు వంగి ఉంగరంతో అద్దాన్ని రెండుసార్లు తట్టేవాడు. గేటు మీద ఎలాగో అలాగే. సమీనక్క వెనక్కి తిరిగి చూసేది కాదు. తన కర్రతో గోలు ఇనప స్తంభాన్ని రెండుసార్లు కొట్టేది. ముందు ఆయన, తర్వాత ఆమె. అంతే వాళ్ల మాటలు.

వారానికి మూడు రోజులు డయాలసిస్. నీళ్లు కొలిచి తాగాలి. దాహం ఆగకపోతే ఫ్లాస్కులోంచి ఒక ఐసు ముక్క తీసి బుగ్గన పెట్టుకుని, అది కరిగేదాకా మాట్లాడేవాడు కాదు. ఒకసారి నా వైపు తిరిగి, "సూడు రా చిన్నా, గింత పెద్ద ఐసు ముంగట కూసున్న. నాకేమో గ్లాసెడు నీళ్లు తాగొద్దంటరు. ఖుదా కా మజాక్ దేఖో మియా, దేవుని పరాచికం సూడు," అన్నాడు. నవ్వాలో వద్దో తెలియక అమ్మ వైపు చూశాను. అమ్మ నవ్వింది కాబట్టి నేనూ నవ్వాను.

డయాలసిస్ వల్ల ఆయన దేశం దాటలేడు. సమీనక్క జట్టు బ్యాంకాక్‌లో ఆడింది, కౌలాలంపూర్‌లో ఆడింది, మనీలాలో ఆడింది; ఆయన ఇంట్లో కూర్చుని ఫోను చూసుకుంటూ ఉండేవాడు. సాధన మ్యాచ్‌లు ఎన్ని చూసినా, ఎదుటి జట్టు వేరే దేశపు జెండా వేసుకుని వచ్చిన మ్యాచ్ ఒక్కటీ ఆయన చూడలేదు. అందుకే ఒక శనివారం సమీనక్క ముసుగు తలపైకి తోసుకుని స్కేటు మీద అద్దం దాకా వచ్చి, నాలుగు దేశాల టోర్నమెంటు ఈసారి మన రింకులోనే అని అద్దం అవతల్నుంచి అరిచి చెప్పినప్పుడు, ఆయన వినపడనట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. ఆమె మళ్లీ చెప్పింది. ఆయన మళ్లీ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. మూడోసారికి మాకు అర్థమైంది, ఇంకోసారి వినాలని అడుగుతున్నాడని.

ఆ తర్వాతి నెలలు మా కారిడార్‌కు ఒక కొత్త పండగ వచ్చినట్టు గడిచాయి. ఫరీదా ఆంటీ రింకుకు రానంటూనే పాత ఎర్ర దుప్పటిని కత్తిరించి, ఈ దేశం జెండాలో ఉన్నట్టు తెల్లగుడ్డతో నెలవంక, నక్షత్రాలు కుట్టింది. అంకుల్ మమ్మల్ని భవనం కింద ఖాళీగా వదిలిన వాయిడ్ డెక్‌లో కూర్చోబెట్టి, హైదరాబాద్ పెళ్లి బరాత్‌లో వాయించే మర్ఫా దరువును మైలో డబ్బాల మీద నేర్పించాడు. మూడో రోజు పై అంతస్తు నుంచి ఒక చైనీస్ తాతయ్య దిగి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు, తిడతాడనుకున్నాం. కాసేపు విని, "టూ స్లో," అని నా చేతిలో డబ్బా తీసుకున్నాడు. రింకులో డబ్బాలు వాయించకూడదని తర్వాత తెలిసింది. అయినా చప్పట్లతో అదే దరువు నేర్చుకున్నాం. అమ్మ జంతికలు, చెగోడీలు ఎన్ని డబ్బాలు కావాలో లెక్క వేసుకుని, అంకుల్ ఉప్పు తినకూడదు కాబట్టి ఉప్పులేని జంతికలు ఒక చిన్న డబ్బాలో ముందుగా చేసి చూసింది. ఆయన ఒకటి కొరికి, "బెహన్, దీన్ల ఉప్పే కాదు, ప్రేమ గూడ తక్కువైంది" అని అమ్మను ఉడికించి, డబ్బా మూతపెట్టి, టోర్నమెంటు రోజున తింటానని అట్టేపెట్టమన్నాడు.

టోర్నమెంటుకు రెండు నెలల ముందు, వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, డయాలసిస్ కుర్చీలో ఉండగానే ఆయన రక్తపోటు పడిపోయింది. మళ్లీ పైకి రాలేదు.

ఆ సాయంత్రం నాకు గుర్తున్నవి: కారిడార్ నిండా తడి గొడుగులు. గేటు బయట చెప్పులు ఎక్కువై మా గేటు దాకా రావడం. ఎప్పుడూ ఏదో ఒక తాలింపు వాసన వచ్చే ఇంట్లోంచి ఆరోజు అగరొత్తుల వాసన తప్ప ఏదీ రాకపోవడం. ఉప్పులేని జంతికల డబ్బా మా అలమరలో ఉండిపోయింది. దాన్ని ఎవరూ తినలేదు, పారేయనూ లేదు.

ఫరీదా ఆంటీ ఇద్దత్‌లో కూర్చుంది. భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు గడప దాటకుండా ఉండే ఆచారం అది. టోర్నమెంటు సరిగ్గా ఆ రోజుల మధ్యలో పడింది. సమీనక్క సంచి సర్దడం మానేసింది. నేను ఆడను, ఎవరి కోసం ఆడాలి, అని ఇంగ్లీషులో గొణిగింది. ఆంటీ ఉల్లిపాయలు తరుగుతూ తల ఎత్తకుండానే అన్న మాటలు, పళ్లెం తీసుకుని వెళ్లి గుమ్మంలో నిలబడ్డ నేను విన్నాను.

"మీ అబ్బా సూడలే. ఆయన ఉన్నన్ని రోజులు నేను రానంటి, ఇప్పుడు వస్తనంటే బయటికి పోరాదు. ఇంట్ల ముగ్గురం ఉంటే ఇద్దరికి కుదరలే. నువ్వన్న పో."

ఉల్లిపాయలన్నీ తరగడం అయ్యాక, కత్తి పక్కన పెట్టి, "నాకు సూడాలనుంది," అంది. ఆంటీ ఆ మాట అనడం అదే మొదటిసారి. సమీనక్క ఆ రాత్రే సంచి సర్దింది.

టోర్నమెంటు మొదటి రోజు ఉదయం నేనూ అమ్మా ముందుగా వెళ్లాం, సీట్లు చోప్ చేయడానికి. ఈ ఊరి సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి: వరసగా ఆహారపు కొట్లుండే హాకర్ సెంటర్‌లో తిండి తెచ్చుకోవడానికి వెళ్లే ముందు టేబుల్ మీద ఒక టిష్యూ పొట్లం పెట్టి వెళ్తారు. దాన్నే చోప్ అంటారు. ఆ పొట్లం ఉన్నంతసేపూ ఆ చోటు పెట్టినవాళ్లది. పక్కన పళ్లెం పట్టుకుని నిలబడి చేతులు నొప్పి పుట్టినా ఎవరూ దాన్ని తీయరు. రింకులో సీట్లకు నంబర్లు లేవు కాబట్టి మేము ప్రతి వారం అదే చేసేవాళ్లం. అమ్మ సంచిలోంచి పొట్లాలు తీస్తూ అలవాటు చొప్పున పెట్టుకుంటూ పోయింది: నాన్నకొకటి, నాకొకటి, తనకొకటి, అద్దం పక్కన నాలుగోది. నాలుగోది పెట్టాక ఆమె చెయ్యి దాని మీదే ఆగిపోయింది. నేను ఆమె ముఖం వైపు చూడలేదు.

"తీసెయ్యనా?" అన్నాను.

"వద్దు, వదిలెయ్. పెట్టేశాక ఆ చోటు మనది కాదుగా, ఆయనది," అంది అమ్మ.

ఆ మధ్యాహ్నం రింకు నిండిపోయింది. రోజూ ఎంతమంది వచ్చేవాళ్లో నాకు తెలుసు కాబట్టి నమ్మలేకపోయాను. మెట్ల మీద, రెయిలింగు వెంట, తలుపు దగ్గర కూడా జనం. థాయ్ జట్టు వాళ్ల వైపు డప్పుల్లేకపోయినా నోటితోనే డప్పులు కొడుతున్నారు. చైనీస్ తాతయ్య ఈల తెచ్చుకున్నాడు. ఆంటీ కుట్టిన ఎర్ర దుప్పటి రెయిలింగుకు కట్టాం. ఇంతమందిలో అద్దం పక్కన ఒకే ఒక్క సీటు ఖాళీ. జనం వచ్చి, పొట్లం చూసి, నాన్న వైపు చూసి అడిగేవారు.

"దిస్ వన్ గాట్ పీపుల్ ఆ?"

"కమింగ్," అనేవాడు నాన్న.

మళ్లీ ఎవరో అడిగేవారు. మళ్లీ "కమింగ్," అనేవాడు. ఎవరూ దాన్ని తీయలేదు. నాన్న అబద్ధం ఆడగా నేను అంతకు ముందు వినలేదు. పైగా ఆయన అలా అన్న ప్రతిసారీ తలుపు వైపు చూడకుండా ఉండడం నాకు కష్టమైంది.

ఆట మొదలయ్యేముందు అమ్మ తన ఫోనులో ఆంటీకి ఫోన్ చేసి, స్పీకర్ నొక్కి, ఎక్కడ పెట్టాలో తెలియక చుట్టూ చూసి, ఆ నాలుగో సీట్లో టిష్యూ పొట్లం మీద ఆనించింది. ఆంటీది బటన్ల ఫోను, బొమ్మ రాదు, చప్పుడు ఒక్కటే. బ్లేళ్లు ఐసును గీరే చప్పుడు, రబ్బరు బిళ్ల చెక్కగోడకు తగిలే చప్పుడు, జనం గోల ఆమె చెవిలోకి వెళ్తూ ఉన్నాయి.

ఆ మ్యాచ్ మేము గెలిచాం. తర్వాతి రెండూ ఓడిపోయాం. కానీ చెప్పాల్సింది గెలుపు గురించి కాదు. మూడో భాగంలో, సమీనక్క మా వైపు గోలులో ఉండగా, థాయ్ అమ్మాయి ఒకతె ఒంటరిగా దూసుకొచ్చింది. మా వాళ్లెవరూ దరిదాపుల్లో లేరు. సమీనక్క మోకాళ్ల మీద పడి, కాలు చాచి, బిళ్లను ప్యాడు చివరతో ఆపింది. రింకు మొత్తం లేచింది. ఆ గోల తగ్గేలోపు ఆమె కర్రతో స్తంభాన్ని రెండుసార్లు కొట్టింది. నేను స్పష్టంగా విన్నాను, టక్ టక్. ఆ చప్పుడుకు అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. నేను పక్కకు చూశాను. సీట్లో టిష్యూ పొట్లం, దాని మీద ఫోను, ఫోను తెర మీద నడుస్తున్న గడియారం.

ఇంటికొచ్చేసరికి వాన తెరిపిచ్చింది. కారిడార్‌లో తడి సిమెంటు వాసన. ఆంటీ ఇంటి గేటు బార్లా తీసి ఉంది. ఇద్దత్ మొదలైనప్పటి నుంచి ఆ గేటు గొళ్లెం పెట్టే ఉండేది. వచ్చేవాళ్లు పిలిస్తే సమీనక్క తీసేది. సమీనక్క ఇంకా రింకులోనే ఉంది. ఆంటీ గుమ్మానికి లోపల, గడప ఇవతలకు కాలు రాకుండా, నేల మీద కూర్చుని ఉంది. ఫోను ఒళ్లో ఉంది.

"గేటెందుకు తీశారు భాభీ?" అంది అమ్మ.

"తట్టిండు కదా," అంది ఆంటీ. మామూలు గొంతుతోనే అంది. "ఫోన్ల బాగ దగ్గరకెల్లి రెండుసార్లు తట్టిండు. నేను లేచి పోయి గేటు తీసిన. గప్పుడు మళ్ల దూరంకెల్లి రెండుసార్లు, టక్ టక్ అని. పిల్లది, కర్ర చప్పుడు. ముందు ఆయన, తర్వాత పిల్ల."

అమ్మ లోపలికి వెళ్లి ఆంటీ పక్కన కూర్చుంది. వెళ్తూ గేటు దగ్గరికి వేసింది.

ఆయన రింకులో అద్దాన్ని తడతాడని ఆంటీకి తెలియదు. ఆమె ఎప్పుడూ రాలేదు, ఆయన చెప్పలేదు, మేమూ చెప్పలేదు. ఆయన తట్టడంలో ఆమెకు తెలిసింది గేటు చప్పుడు ఒక్కటే.

నేను పెద్దయ్యాక చదివింది ఇంజనీరింగ్, చేసే పని కూడా చప్పుళ్లతోనే: పెద్ద భవనాల చల్లదనపు యంత్రాల్లో ఏ చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపడం. ఆ మధ్యాహ్నాన్ని ఎన్నోసార్లు విడదీసి చూసుకున్నాను. కర్ర చప్పుడు ఒకటి నేరుగా ఫోనులోకి వెళ్లి ఉండొచ్చు, అదే చప్పుడు అవతలి గోడకు తగిలి మళ్లీ వెళ్లి ఉండొచ్చు. ప్లాస్టిక్ సీటు ఇనప చట్రానికి బిగించి ఉంది, చట్రం అద్దపు గోడకు. ఆ దారిన కూడా వెళ్లి ఉండొచ్చు. ఇవన్నీ రెండు చప్పుళ్లను వివరిస్తాయి. రెండిటి మధ్య ఒక మనిషి లేచి, గదిదాటి, గొళ్లెం తీసేంత వ్యవధిని ఏదీ వివరించదు. ఆరోజు తను కొట్టకముందు ఏదైనా వినిపించిందా అని మాత్రం సమీనక్కను ఎప్పుడూ అడగలేదు. ఆమె తనంతట తాను స్తంభాన్ని కొట్టడం నేనెన్నడూ చూడలేదు. ఎప్పుడు కొట్టినా జవాబుగానే కొట్టేది.

ఆ రింకు ఇప్పుడు లేదు. మొదట ఐసు కరగబెట్టారు, తర్వాత మాల్ మూశారు, తర్వాత మాల్‌నే పడగొట్టారు. చుట్టూ పచ్చ రేకులు కట్టిన ఆ స్థలం మీదుగా ఇప్పుడు నేరుగా ఆకాశం కనిపిస్తుంది, పైఅంతస్తు ఉన్న చోట కూడా. చైనీస్ తాతయ్య లేడు. మా కారిడార్‌లో గేట్లన్నీ మార్చి అల్యూమినియంవి పెట్టారు. మేము సెంగ్‌కాంగ్ వచ్చేశాం. సమీనక్క ఇప్పుడున్న కొత్త రింకులో చిన్నపిల్లల జట్టుకు కోచ్. ఫరీదా ఆంటీ ఇద్దత్ తీరిన వారమే రింకుకు వచ్చింది, ఆ తర్వాత ఒక్క మ్యాచ్ తప్పలేదు. రిఫరీని ఉర్దూలో తిట్టేంత ముదిరింది.

పోయిన ఆదివారం బుకిట్ బటోక్ వెళ్లాను, ఆంటీకి కొత్త టోర్నమెంటు సంగతి చెబుదామని. ఆమెకు నాకంటే ముందే తెలుసు, ఏ రోజు ఏ దేశంతోనో కూడా తెలుసు. మాటల్లో ఆ రోజు గేటు తీసిన సంగతి ఎత్తాను. ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టి నా వైపు వింతగా చూసింది.

"గేటా? నేనెందుకు తీస్త రా? ఇద్దత్‌ల ఉంటి కదా. ఫోన్ల అంతా గోల, నాకేం సమజ్ కాలే. నువ్వు సిన్నప్పట్నించి అన్నీ మనసుల రాసుకుంటవు, ఏదో ఒకటి తప్పు రాసుకున్నవ్."

రైలెక్కాక అమ్మకు ఫోన్ చేసి అడిగాను. "తీసే ఉంది రా. నా చేత్తో నేనే వేశాను," అంది. "ఆవిడను మాత్రం మళ్లీ అడక్కు," అని పెట్టేసింది.

అంతకుముందు, నేను బయల్దేరుతుంటే ఆంటీ నన్ను ఆపి, ఇప్పుడు సీట్లన్నీ ఫోనులోనే కొనాలంట కదా, తనకు అది చాతకాదు, నన్నే తీసిపెట్టమంది. గోలు వెనకాల, అద్దం పక్కన. నేను ఫోను తెరిచి సీట్ల పటం చూపించాను. ఆ వరసలో ఇంకా చాలా ఖాళీ ఉన్నాయి. ఎన్ని తీయమంటారు అన్నాను.

"ఒక్కటి చాలు," అంది ఆంటీ. "ఇంకెవరొస్తరు రా?"

ఒక్కటే తీశాను.